వెనక పడే నీడ

గురవయ్య పొద్దున్నే గొర్రెలను మేతకు తోలించి, ఆవుకు కుడితి పెట్టి, స్నానం చేసి, నొసట బొట్టు దిద్దుకుని, గొడుగు చంకన పెట్టుకుని వీధి అరుగు మీదికి వచ్చేవాడు. ఆయన ఊరికి పెద్దమనిషి. తగవులు ఆ అరుగు మీదే తీరేవి.

వాళ్ళ నాయన కాలంలో ఆ ఊళ్ళో గొడుగంటే తాటాకు గొడుగే. దేవుడి ఊరేగింపులో పట్టేవాళ్ళు, పెళ్ళికొడుక్కి పట్టేవాళ్ళు. మిగతావాళ్ళకు వానకు గొంగడి, ఎండకు తలగుడ్డ. తరువాత కరణం మద్రాసు నుంచి నల్లగుడ్డ గొడుగు ఒకటి తెచ్చాడు. దాన్ని చూసి గొర్రెలు బెదిరి చెదిరిపోయాయి. కొన్నేళ్ళకు మార్కాపురం దుకాణాల్లో గొడుగులు గబ్బిలాల్లా వేలాడాయి. ఎండా వానా లేకపోయినా చంకలో గొడుగు లేకుండా సంతకు పోవడం పెద్దమనుషులకు నామోషీ అయింది.

గురవయ్య గొడుగు మాత్రం కొన్నది కాదు.

దాన్ని విప్పితే నీడ ఆయన మీద పడేది కాదు. వెనక, పిలిస్తే వినపడేంత దూరంలో పడేది. ఆయన నడిస్తే నడిచేది, నిలబడితే నిలబడేది. ఆయన వెనక్కి తిరిగితే అది చుట్టు తిరిగి మళ్ళీ వెనకకే పోయేది. ఊళ్ళో ఎవరికీ ఇది వింతగా తోచలేదు. సంతకు పోయేవాళ్ళు ఆయన ఎప్పుడు బయలుదేరతాడా అని కాచుకునేవాళ్ళు.

"మామా, నిదానంగా పో. నీడ జారిపోతాండాది" అని వెనక నుంచి చెంచయ్య అరిచేవాడు.

"నీకు కాళ్ళు లేవా ఏందిరా?"

"కాళ్ళుండాయి మామా, గొడుగే లేదు."

అందరికంటే సంతోషం గురవయ్య భార్య శ్రీశైలమ్మది. "పెళ్ళయినకాడి నుంచి నీ వెనకాల్నే నడస్తాండా. ఇన్నాళ్ళకు దానికో ఫలం దక్కింది" అనేది.

గురవయ్య నవ్వేవాడు కాదు. నీడ ఎవరి కోసం అక్కడ పడుతున్నదో ఆయనకు తెలుసు.

ఆ గొడుగు దీనమ్మది. ఊరి బయట, అంటరానివాళ్ళని దూరం పెట్టిన పల్లెలో ఉంటూ, ఊరి వీధి దాటి అవతలి పల్లెకు పోయి మిషన్ బడిలో పిల్లలకు అక్షరాలు చెప్పేది. మిషన్ దొరసాని ఆమెకు గొడుగు ఇచ్చింది. రోహిణి కార్తెలో ఒకనాడు అది వేసుకుని వీధిలో నడిచి వచ్చింది. అరుగు మీద నలుగురూ ఉన్నారు.

"ఏమే, మా ముందరే గొడుగా? ముడువు" అన్నాడు గురవయ్య.

ఆమె ముడిచింది.

"ఆడ పెట్టి పో."

ఆమె గొడుగును అరుగుకు ఆనించి, కొంగు తల మీదికి లాక్కుని, ఎండలో వెళ్ళిపోయింది. నలుగురూ నవ్వారు. గురవయ్య కూడా నవ్వాడు.

సాయంత్రం తిరిగి పంపిద్దామనుకున్నాడు. సాయంత్రం పనులు పడ్డాయి. మరునాడు పంపిద్దామనుకున్నాడు. సంత నాడు ఎండ ఎక్కువగా ఉంటే చేతికి తీసుకున్నాడు. దొంగతనమంటే గోడకు కన్నం వెయ్యడమే అనుకునే మనిషికి, తన చేతిలో ఉన్నది ఏమిటో తెలియడానికి నీడ కావలసి వచ్చింది.

తెలిసిన తరువాత కూడా ఆయన ఇవ్వలేదు. ఇస్తే తప్పు చేశానని నలుగురిలో ఒప్పుకున్నట్టవుతుంది. తప్పు కంటే అదే ఆయనకు బరువనిపించింది. దీనమ్మ వీధి మానుకుని, చెట్టు లేని వాగు గట్టున చుట్టు తిరిగి బడికి పోయేది. ఆయన చూసేవాడు. చూసి తల తిప్పుకునేవాడు.

మరుసటి వేసవిలో ఆమె వడదెబ్బ తగిలి వాగు గట్టున పడిపోయింది. పల్లెవాళ్ళు మంచం మీద మోసుకుపోయారు. ఆ రోజు గురవయ్యకు కూడు సయించలేదు.

ఆమె లేచి కూర్చుందని విన్న తరువాత, మిట్టమధ్యాహ్నం ఒక్కడే పల్లెకు పోయాడు. దీనమ్మ తలకు తడిగుడ్డ చుట్టుకుని గడపలో కూర్చుని ఉంది.

"నీ గొడుగు తెచ్చినా" అన్నాడు.

ఆమె చెయ్యి చాపలేదు.

"ఈడ ఇస్తే ఎవరు చూస్తారయ్యా? తీసుకున్నకాడనే ఇయ్యండి."

గురవయ్య గొడుగు పట్టుకుని తిరిగి వచ్చాడు.

సోమవారం ఆమె వీధిలోకి వచ్చింది. అరుగు మీద మళ్ళీ నలుగురూ ఉన్నారు. గురవయ్య లేచాడు, దిగాడు, గొడుగు విప్పి ఆమె చేతికిచ్చాడు.

"ఏంది మామా ఇది?" అన్నాడు చెంచయ్య.

"నాది కాదురా. ఆమెది. నేను గుంజుకున్నా."

ఎవరూ నవ్వలేదు. దీనమ్మ గొడుగు వేసుకుని నడిచింది. ఎవరైనా ఏమైనా అంటారేమోనని గురవయ్య వెనకాల దూరంగా నడిచాడు. నీడ వచ్చి ఆయన మీద పడింది. చల్లగా ఉంది. ముందర ఆమె తల ఎండలో ఉంది.

ఇప్పటికీ ఆమె నీడ తానే తింటున్నాడు. ఆయనకు ఒళ్ళంతా చెమట పట్టింది. గబగబా నడిచాడు. ఆయన దగ్గరవుతున్న కొద్దీ నీడ కూడా ముందుకు జరిగింది.

"ఇంకా దగ్గరికి రా అన్నా" అంది దీనమ్మ, వెనక్కి తిరగకుండా. అంతకు ముందు ఆయనను అన్నా అని ఎప్పుడూ పిలవలేదు.

ఆయన భుజం ఆమె భుజానికి తగిలింది. అప్పుడు నీడ ఇద్దరి మీదా నిలిచింది. వీధి చివరి దాకా అట్లాగే నడిచారు. తలుపుల దగ్గర అందరూ చూశారు.

ఆ తరువాత మంగలి గురవయ్య ఇంటికి రావడం మానుకున్నాడు. చెంచయ్య ఎదురుపడితే పక్క సందులోకి తిరిగేవాడు. తగవులు వేరే ఇంటికి పోయాయి, అరుగు ఖాళీ అయింది. వానలు మొదలై పల్లె బడి కప్పు కారితే, దీనమ్మ పిల్లలను తీసుకొచ్చి ఆ అరుగు మీద కూర్చోబెట్టింది. ఆమె గొడుగు గూటానికి వేలాడేది.

గురవయ్య మాత్రం జల్లు పడే అంచున కూర్చునేవాడు. లోపలికి జరగమని దీనమ్మ రోజూ చెప్పేది. ఆయన జరిగేవాడు కాదు.