ముల్లు దగ్గర చెవి

ఆదివారం భోజనాలయ్యాయి. భర్త దుర్గారావు రొయ్యల చెరువు మీదికి వెళ్ళిపోయాక రాజ్యలక్ష్మి వీధి గది తలుపు దగ్గరగా వేసి, రికార్డు ప్లేయరు మూత తీసింది. స్పీకర్లకు వెళ్ళే తీగలు ఎప్పుడో ఊడదీసి, చుట్టలు చుట్టి గూట్లో పెట్టేసింది. రికార్డు తిరగడం మొదలయ్యాక ముల్లు ఆనించి, స్టూలు మీద కూర్చుని పక్కకి వంగి, చెవి ముల్లు దగ్గరగా పెట్టింది.

అలా వింటే వినిపిస్తుంది. ఈ సంగతి చాలామందికి తెలియదు. స్పీకరు లేకపోయినా ముల్లు తనంతట తాను పాడుతుంది, దోమంత గొంతుతో. ఫిడేలు పై తీగ బాగా తెలుస్తుంది. మృదంగం తెలియదు, దాని అంచు మీద వేలు పడ్డ చప్పుడు మాత్రం తెలుస్తుంది. పాడేవాళ్ళ గొంతులో బరువంతా పోయి మాటల చివర్లు మిగులుతాయి. మిగతాదంతా వినేవాళ్ళు జ్ఞాపకంలోంచి నింపుకోవాలి.

ఇంట్లో ఏటి సూతకం. మావగారు నూకయ్యగారు పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకం పెట్టేదాకా ఆ ఇంట్లో పాట వినిపించకూడదు. రాజోలు అవతల వాళ్ళుండే వీధిలో ఒకరింట్లో కుక్కరు కూస్తే రెండో ఇంట్లో స్టవ్ కట్టేస్తారు. పాట వినిపిస్తే ఊరుకుంటారా?

ఆ వైపు అయిపోయాక ఫోను తీసింది. ‘ఆదివారం రికార్డులు’ అని ఒక గ్రూపుంది. ఆ వారం ఎవరు ఏ రికార్డు విన్నారో అందులో చెప్పుకుంటారు. విశాఖపట్నంలో ఒక రిటైరైన ఇంజనీరుగారు, బళ్ళారిలో ఒక డాక్టరుగారు, హైదరాబాదులో ఇంకొందరు. నూకయ్యగారు ఉన్నప్పుడు ఆయన చెబుతుంటే రాజ్యలక్ష్మి టైపు చేసేది. ఇప్పుడు తన మాటలే రాస్తోంది.

‘ఈ వారం ఫిడేలు కచేరీ విన్నాను, రెండో వైపు. మొదటి వైపు కంటే ఇది తక్కువ అరిగింది. మా ఇంట్లో కూడా అందరిలాగే మొదటి వైపే ఎక్కువ విన్నామన్నమాట. ఆలాపన మధ్యలో విద్వాంసుడు ఒకచోట ఆగుతారు. అది ప్లేటు మీద గీత కాదు, ఆయనే ఆగారు. సభలో ఎవరో దగ్గుతున్నారు. దగ్గు తగ్గాక మళ్ళీ అదే స్వరం మీద అందుకున్నారు, విసుక్కోకుండా.’

విశాఖ ఇంజనీరుగారు వెంటనే రాశారు: ‘దగ్గు కూడా తెలిసిందంటే మీ స్పీకర్లు చాలా మంచివై ఉండాలమ్మా. ఏ కంపెనీవి?’

రాజ్యలక్ష్మి రెండు చేతుల దండం బొమ్మ పెట్టి ఊరుకుంది.

నూకయ్యగారు లాంచీ సరంగు. గోదావరి పాయ మీద వంతెన పడేదాకా జనాన్ని ఈ గట్టు నుంచి ఆ గట్టుకు దాటించారు. ఎక్కడ కనిపించినా రికార్డులు కొనేవారు గాని లాంచీ మీద పెట్టే వీల్లేదు, చిన్న అల కొట్టినా ముల్లు ఎగిరి పక్క పాటలో పడుతుంది. వంతెన వచ్చి లాంచీ గట్టున పడ్డాక అవన్నీ ఇంట్లో కూర్చుని వినడం మొదలుపెట్టారు. అప్పటికి రాజ్యలక్ష్మి కొత్త కోడలు. అమలాపురంలో బి.ఏ. చదివి వచ్చింది. ఒకరోజు ఆమె మజ్జిగ గ్లాసు పెట్టి వెళ్ళిపోతుంటే ఆయన ఆపారు.

“ఏవమ్మా, ఇక్కడ పాడేయన ఊపిరి తీసుకున్నాడు. విన్నావా?”

“ఊపిరి కాదండీ. ఆయన కూర్చున్న బల్ల కిర్రుమంది.”

నూకయ్యగారు ముల్లు ఎత్తి మళ్ళీ అక్కడే పెట్టారు. కళ్ళు మూసుకుని విన్నారు. “ఆయ్, బల్లే,” అన్నారు. ఆ తరవాత ఆయన ఆమె లేకుండా రికార్డు పెట్టలేదు.

ఇంట్లోవాళ్ళకు మాత్రం వేరేగా కనిపించింది. కోడలు మావగారికి మందులిస్తోంది, కాళ్ళకు నూనె రాస్తోంది, పాటలు పెడుతోంది. అన్నీ ఒకే వరసలో పడిపోయాయి. దుర్గారావు అక్క దుర్గమ్మ కొత్తపేట నుంచి వచ్చినప్పుడల్లా, పెళ్ళిళ్ళలో కలిసినప్పుడల్లా పదిమందిలో చెప్పేది: “కన్నకూతుర్ని నేనైనా అంతసేపు కూర్చోలేనండీ. మా రాజ్యం ఓపిక ఎవరికీ రాదు.” ఆ మంచిపేరు రాజ్యలక్ష్మి అడగకుండానే వచ్చింది. కాదనడానికి అందులో తప్పేమీ లేదని ఆమె ఊరుకుంది.

దుర్గమ్మకు ఆ రికార్డులతో ఒక్కసారే పని పడింది. ఏదో పండగకు పుట్టింటికి వచ్చి, పాపం మసకబారిపోయాయని వాటిని కొబ్బరినూనె గుడ్డతో తుడిచింది. నిగనిగలాడాయి. గాళ్ళలో నూనెకు దుమ్మంతా పట్టుకుని, ఒక రికార్డులో హరికథ చెప్పే దాసుగారికి అప్పటి నుంచీ పడిశం వదల్లేదు. నూకయ్యగారు కూతుర్ని ఏమీ అనలేదు. “కోనసీమ దాసుగారమ్మా. తలకి నూనె లేకుండా కథకి కూర్చోడు,” అన్నారు కోడలితో.

సంవత్సరీకం దగ్గర పడింది, వచ్చే శుక్రవారమే. బుధవారం పొద్దున్నే దుర్గమ్మ కొత్తపేట నుంచి వచ్చింది. దానాల సంగతి మాట్లాడడానికి పురోహితుడు అచ్యుతరామయ్యగారిని కూడా పిలిపించింది. నూకయ్యగారి పన్నెండో రోజున గోదావరికి వరద వచ్చి, ఆ రోజు ఇవ్వవలసిన శయ్యాదానం నిలిచిపోయింది. పోయినవారి పేర మంచం, పరుపు, వాళ్ళు వాడుకునే వస్తువులు ఇవ్వాలి. ఇప్పుడైనా లోటు లేకుండా జరగాలని దుర్గమ్మ పట్టుదల.

“మంచం, పరుపు, దుప్పటి, గొడుగు, చెప్పులు, చెంబు. ఇంకేవైనా ఉన్నాయాండీ పంతులుగారూ?”

“ఉన్నంతలో చాలమ్మా. పోయినవారు బాగా ఇష్టపడ్డ వస్తువేదైనా చేరిస్తే వారికి తృప్తి.”

“ఇంకేవుంది, నాన్న ప్రాణమంతా ఆ పాటల పెట్టెలోనే ఉండేది. రికార్డులతో సహా ఇచ్చేద్దాం. ఏరా తమ్ముడూ?”

దుర్గారావు ఫోనులో చెరువు దగ్గర పాలేరుకు ఏదో చెబుతూనే తలూపాడు. ఫోను పెట్టేసి, “ఇచ్చేద్దాం అక్కా. ఏడాది నుంచీ మూల పడుంది. ఈ ఉప్పుగాలికి తుప్పట్టిపోద్ది,” అన్నాడు.

టీ గ్లాసుల పళ్ళెంతో నిలబడ్డ రాజ్యలక్ష్మి, పళ్ళెం కింద పెట్టకుండానే అడిగింది. “పంతులుగారు దాన్నేం చేసుకుంటారండీ వదినగారూ?”

“ఆయనేం చేసుకుంటే మనకెందుకే? ఇక్కడ ఈయన చేతిలో పెడితే అక్కడ నాన్నకి అందుద్ది. గొడుగు మాత్రం ఈయనకెందుకు? కారులో తిరుగుతున్నారు!”

“కారు దాకా నడవాలి కదమ్మా,” అన్నారు అచ్యుతరామయ్యగారు టీ అందుకుంటూ.

దుర్గమ్మ నవ్వింది. నవ్వుతూనే, “అయినా ఇంట్లో ఇంకెవరు వింటారు దాన్ని?” అంది.

అడగడానికి అడిగింది గాని, దానికి జవాబుంటుందని దుర్గమ్మ అనుకోలేదు. ఊరుకుంటే శుక్రవారానికి పెట్టె వెళ్ళిపోతుంది. వద్దనాలంటే ఎందుకు వద్దో చెప్పాలి. చెబితే సూతకపు ఏడాదిలో విన్నట్టు ఒప్పుకోవాలి. ఎదురుగా కూర్చున్నది దుర్గమ్మ. పెళ్ళయిన కూతురికి తండ్రి మైల మూడు రోజులే. అయినా ఆవిడ కొత్తపేటలో తన ఇంట్లో ఏడాదంతా తలలో పువ్వు పెట్టలేదని రాజ్యలక్ష్మికి తెలుసు.

“నేను వింటానండీ,” అంది.

“ఆయ్, నాన్నకి పెడుతూ నువ్వూ వినేదానివి, తెలుసు.”

“అది కాదండీ. ఇప్పుడు కూడా వింటున్నాను. మొన్న ఆదివారం కూడా విన్నాను.”

దుర్గారావు భార్య వంక చూశాడు. “పాట ఎప్పుడూ వినబడలేదే.”

“స్పీకర్లు తీసేసి వింటున్నాను.”

“స్పీకర్లు లేకుండా వినడవేంటి, విస్తరేసుకుని వాసన చూసినట్టు!” అని నవ్వి, లేచి వీధి గదిలోకి నడిచాడు. ఆమె వెనకే వెళ్ళి ముల్లు ఆనించింది. ఎక్కడ వంగాలో, ఎటు చెవి పెట్టాలో చూపించింది. అతను వంగాడు. కాసేపు ఓపిక పట్టాడు కూడా.

“ఏదో గీరుతున్నట్టుంది. ఇదేనా?”

“ఆయ్. ఇదే.”

“దీని కోసం ఇంతలా వంగి కూర్చుంటావా?” అన్నాడు నడుం పట్టుకుని లేస్తూ. గొంతులో కోపం లేదు. ఆశ్చర్యం కూడా త్వరగానే అయిపోయింది.

దుర్గమ్మ గుమ్మం దాటి లోపలికి రాలేదు. “పెద్దకర్మ అయిన దగ్గర్నుంచీ వింటున్నావా?”

“ఆయ్.”

“టీవీ మీద గుడ్డ కప్పేను రాజ్యం, మా ఇంట్లో. మా మరిది కూతురు పెళ్ళికి మేళాలుంటాయని ఇంట్లోనే కూచున్నాను.”

“తెలుసండీ.”

“తెలిసీ విన్నావు.”

“తెలిసే విన్నానండీ.”

“ఒక్కదానివే ఎందుకు విన్నట్టు? ఎవరికి చెప్పుకుందామని?”

“ఫోనులో గ్రూపుందండీ. ఈ మధ్య ఏం విన్నామో వారం వారం చెప్పుకుంటాం. విశాఖపట్నంలో, బళ్ళారిలో ఉన్నారు వాళ్ళు.”

“బళ్ళారోళ్ళకి చెప్పేవు. పక్క గదిలో మొగుడికి చెప్పలేదు. బావుంది!”

దుర్గారావు మళ్ళీ మోగుతున్న ఫోను పట్టుకుని అరుగు మీదికి వెళ్ళిపోయాడు. దుర్గమ్మ పురోహితుడి వైపు తిరిగింది. “మీరే చెప్పండి పంతులుగారూ, ఇది తప్పా కాదా?”

అచ్యుతరామయ్యగారు గ్లాసు కింద పెట్టారు. “పాటల పెట్టె గురించి శాస్త్రంలో ఏవుందో నేను చూడలేదమ్మా. తప్పో కాదో నాచేత అనిపించకండి. నాకు తెలిసింది ఒక్కటే. దానం మనసొప్పి ఇవ్వాలి. ఇంట్లో ఒకరు ఇవ్వలేనంటున్న వస్తువు నేను పుచ్చుకోను.”

అంతటితో పెట్టె ఇంట్లోనే ఉంటుందని తేలిపోయింది. రాజ్యలక్ష్మి ప్లేయరు మూత వేసింది. దుర్గమ్మ ఇంకా గుమ్మంలోనే ఉంది.

“అయితే అది నాన్నది కాదన్నమాట. నీదన్నమాట.”

“ఇద్దరిదీనండీ.”

“ఇద్దరిదీ అయితే ఆయన పోయేక ఆపేదానివి.” దుర్గమ్మ గొంతు తగ్గించింది. తగ్గిస్తే ఇంకా గట్టిగా వినిపించింది. “పదిమందిలో చెప్పుకున్నాను నేను, మా నాన్న దగ్గర ఎంత ఓపిగ్గా కూచుంటుందోనని. ఓపిక కాదు, నీ సరదా. నేనే పిచ్చిదాన్ని.”

ఓపిక కాదు, నిజమే. ఆయన కూడా కోడలికి ఓపిగ్గా వినిపించలేదు. ఇద్దరూ సరదాపడి విన్నారు, వాదించుకున్నారు, ఒకరి తప్పు ఒకరు పట్టుకున్నారు. అది చెప్పగలిగిన సాక్షి ఒక్కరే, ఆ సాక్షికే ఇప్పుడు మంచమూ గొడుగూ సిద్ధం చేస్తున్నారు. రాజ్యలక్ష్మి ఖాళీ గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది.

శుక్రవారం సంవత్సరీకం లోటు లేకుండా జరిగింది. అచ్యుతరామయ్యగారు కొత్త మంచం మీద కూర్చుని దానాలు పుచ్చుకున్నారు. దుర్గమ్మ ఉదయం నుంచీ నడుం వాల్చలేదు. పిండి రుబ్బించింది, విస్తళ్ళు వేయించింది, వచ్చినవాళ్ళందరికీ కొసరి కొసరి వడ్డించింది. రాజ్యలక్ష్మితో కూడా మాట్లాడింది. కాకపోతే, “రాజ్యలక్ష్మీ, కూర ఇటు పంపించు,” అంది. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ రాజ్యం తప్ప ఆవిడ నోట ఇంకో పేరు విని ఎరగదు. బంధువుల్లో ఒకావిడ వీధి గదిలోకి తొంగి చూసి, “మీ నాన్నగారి పాటల పెట్టె ఇంకా ఉందే!” అంది. “నాన్నది కాదండీ. మా మరదలిది,” అని దుర్గమ్మ మామూలుగానే చెప్పి, నీళ్ళ బిందె ఎత్తుకుని వెళ్ళింది. సాయంత్రం కొత్తపేట ఆటో ఎక్కేముందు తమ్ముడి భుజం తట్టింది. రాజ్యలక్ష్మికి “వస్తాను” అని చెప్పింది.

ఆదివారం దుర్గారావు బండి తీస్తూ అన్నాడు. “ఇంక గట్టిగానే పెట్టుకోవచ్చు కదా. మెడ పట్టేస్తది అలా వంగితే.”

అతను వెళ్ళాక ఆమె తీగలు తెచ్చి బిగించింది. తలుపు తీసి ఉంచింది. ఫిడేలు కచేరీయే పెట్టింది. ఏడాది తరవాత గదిలోకి బరువైన శబ్దం వచ్చేసరికి మొదట అది వేరే రికార్డేమో అనిపించింది. వింటుండగా ఒక పొరపాటు దొరికింది. ఆలాపన అయ్యాక మృదంగం వెంటనే అందుకుంటుందని ఆమె ఇన్నాళ్ళూ నింపుకుంటూ వచ్చింది. అందుకోలేదు. చాలాసేపు ఫిడేలు ఒక్కటే వెళ్ళింది. మావగారు ఉంటే ఎంత గేలి చేసేవారో! ఆమె ఫోను తీసి గ్రూపులో రాసింది: ‘ఇదే కచేరీలో మృదంగం ఎత్తుకునే చోటు గురించి వేసవిలో ఒకసారి రాశాను. అది తప్పు. ఇవాళ సరిగ్గా విన్నాను.’ ఎవరూ చూసినట్టు లేదు. ఆ పూట అందరూ హైదరాబాదు ఆయన కొన్న కొత్త ప్లేయరు ఫొటోల మీద ఉన్నారు.

రికార్డు పాడుతుండగానే ఆమె గేటు దాకా వచ్చింది. పక్క వీధి తులసి స్కూటీ ఆపి ఒక కాలు నేల మీద ఆనించి వింటోంది.

“ఎన్నాళ్ళకి వినిపించిందండీ మీ ఇంట్లో పాట! మావయ్యగారి కోసం పెట్టేరా?”

“ఆయ్” అంటే చాలు. తులసి వాళ్ళ పుట్టిల్లు కొత్తపేట, దుర్గమ్మగారి వీధే. ఈ ఒక్క మాట రేపటికల్లా అక్కడికి చేరుతుంది. పోయిన పేరు సగమైనా తిరిగొస్తుంది.

“కాదమ్మా. నాకోసమే. నేనే వింటున్నాను.”

“ఒక్కరేనాండీ?”

“ఆయ్. ఒక్కదాన్నే.”

తులసి “బావుందండీ,” అని బండి స్టార్టు చేసింది. లోపల ఆ వైపు అయిపోయి, ముల్లు చివరి గాడిలో టక్ టక్ మని తిరుగుతోంది. రాజ్యలక్ష్మి రెండో వైపు వేయడానికి లోపలికి వెళ్ళింది.