శ్రీవాణి కెమెరా తెరిస్తే

పొద్దు వాలేసరికి దుర్గాప్రసాద్ రొయ్యల చెరువు గట్టు మీద తిరగడం మొదలుపెడతాడు. నీళ్లని చిలికి గాలి ఎక్కించే ఏరేటర్ల చక్రాల చప్పుడు ఒక్కొక్కటీ ఆగి వింటాడు. మేత పళ్లెం పైకి లాగి, రొయ్య తిన్నదో లేదో చూస్తాడు. మళ్లీ నడుస్తాడు. అన్నానికి పిలిస్తే కంచం చేత్తో పట్టుకుని నడుస్తూనే తింటాడు. వరసగా రెండు పంటలు రోగం వచ్చి పోయాయి. ఇదీ పోతే చెరువు వదులుకోవాల్సిందే. అది తెలిసినవాణ్ణి కూర్చోమంటే ఎలా కూర్చుంటాడు?

ఆయన భార్య శ్రీవాణికీ స్థిమితం లేదు గానీ, ఆవిడ గొడవ వేరు. ఆవిడకి చీకటి కావాలి. అమలాపురంలో స్టూడియో ఎత్తేస్తున్న ఒకాయన దగ్గర పాత కెమెరా కొనుక్కుంది. దాన్ని మూడుకాళ్ల స్టాండుకి బిగించి, తీగ చివరున్న బటన్ నొక్కితే కెమెరా కన్ను తెరుచుకుంటుంది. మళ్లీ నొక్కేదాకా మూసుకోదు. ఆ సేపంతా చుక్కలు నడిచిన దారి ఫొటోలో గీతలై పడుతుంది. ధ్రువుడి చుట్టూ గుండ్రంగా తిరిగే ఆ గీతలంటే ఆవిడకి ప్రాణం. ఎంతసేపు తెరిచి ఉంచితే అంత పొడుగు గీత. పాపం, ఆవిడకి ఇంతవరకూ చీపురుపుల్ల ముక్కంత గీత కూడా పడలేదు.

ఎందుకంటే, శ్రీవాణి కెమెరా తెరవగానే ఊళ్లో కరెంటు పోతుంది. మూయగానే వస్తుంది. అల్లవరం పక్కన ఆ ఊళ్లో ఇది అందరికీ తెలిసిన సంగతే. కరెంటు పోతే ఎవరూ కరెంటాఫీసుకి ఫోన్ చెయ్యరు, శ్రీవాణికే చేస్తారు. సీరియల్ సగంలో ఆగినవాళ్లూ, మిక్సీలో పచ్చడి సగంలో ఆగినవాళ్లూ సరే, లైన్‌మన్ శామ్యూల్ కూడా ఆవిడకే చేస్తాడు.

“నమస్కారమమ్మా. తెరిచేరా అండీ?”

“ఆయ్, ఇప్పుడే తెరిచేను శామ్యూల్ గారూ.”

“మా ఇంట్లో ప్రార్థన కూడిక జరుగుతోందండీ. కాస్త తొందరగా కానిచ్చెయ్యండమ్మా.”

పక్క చెరువు భీమరాజుగారైతే ఫోన్ కూడా చెయ్యరు. గాలి అందక రొయ్యలు తేలిపోతాయనీ, జనరేటర్‌కి పోసిన డీజిలంతా మండిపోతోందనీ అంటూ గట్టెక్కి వచ్చేస్తారు. అంత పెద్దమనిషి వచ్చి నిలబడితే ఆవిడ మూసెయ్యక ఏం చేస్తుంది?

ఇంతలో ప్రసాద్ వాళ్ల జనరేటర్ చెడిపోయి అమలాపురంలో మెకానిక్ దగ్గరికి వెళ్లింది. అది తిరిగొచ్చేదాకా కెమెరా ముట్టుకోనని భార్య చేత ఒట్టు వేయించుకున్నాడు. ఆవిడా మనస్ఫూర్తిగానే వేసింది.

తర్వాత గాలివాన వచ్చింది. ఉత్తరపు గట్టు మీది కొబ్బరిచెట్లు రెండు కూలిపోయాయి. మన వైపు ధ్రువుడు బాగా కిందికి ఉంటాడు. ఇన్నాళ్లూ ఆ చెట్ల తలల వెనకే దాక్కున్నాడు. వాన వెలిసిన సాయంత్రం, చెట్లు పోయిన సందులో, కడిగినట్టున్న ఆకాశం మీద శ్రీవాణికి మొదటిసారి కనిపించాడు.

ఇంక ఆవిడ కాలు నిలవలేదు. చారు పొంగి పొయ్యిలో పోయింది. మడతపెట్టిన బట్టలే విప్పి మళ్లీ మడతపెట్టింది. పడమట మళ్లీ మబ్బు లేస్తోంది. ప్రసాద్ జనరేటర్ కోసం అమలాపురం వెళ్లాడు. పది నిమిషాలకి రొయ్య చచ్చిపోదులే అనుకుంది. గట్టు మీద స్టాండు పెట్టి బటన్ నొక్కింది.

ఊరంతా చీకటైంది. చెరువులో చక్రాలు ఆగిపోయాయి. ఆ చీకట్లోంచి, చెరువు మధ్య నుంచి కేక వినిపించింది.

“శ్రీవాణీ! మూసెయ్యవే!”

ప్రసాద్ గొంతు. జనరేటర్ ఇంకా బాగవలేదంటే ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. అవతలి గట్టు మీది నుంచి చూస్తే మధ్యనున్న ఏరేటర్ ఆగిపోయి కనిపించింది. బండి అక్కడే పడేసి నీళ్లలోకి దిగిపోయాడు. స్విచ్చి కట్టేస్తే మిగతా చక్రాలూ ఆగుతాయి కాబట్టి కట్టకుండానే దిగాడు. ఆ చుట్టుపక్కల చెరువులవాళ్లంతా అలాగే దిగుతారు. ఛాతీ లోతు నీళ్లలో చక్రం దాకా వెళ్లేసరికి కరెంటు పోయింది.

“ఒట్టు వేసేవు కదే నువ్వు!”

“పది నిమిషాలండీ. ధ్రువుడు కనపడ్డాడు. మళ్లీ మబ్బేసేస్తోంది.”

“ధ్రువుడు కూడు పెడతాడా మనకి? మూస్తావా, దాన్ని తెచ్చి ఇందులో ముంచెయ్యమంటావా?”

ఆవిడకి ఏడుపొచ్చింది. తప్పు తనదే. అయినా చెయ్యి రాలేదు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఎవరు ఆపమంటే అది ఆపేస్తూనే ఉంది. ఈ ఒక్కటీ ఆపబుద్ధి కాలేదు.

ఆయన తిడుతూనే చక్రం కోసం తడుముకుంటున్నాడు. నీళ్ల చప్పుడుతో పాటు తిట్లూ వినబడుతున్నాయి. ఉన్నట్టుండి రెండూ ఆగిపోయాయి.

శ్రీవాణికి భయం వేసింది. “కోప్పడకండి, మూసేస్తున్నాను,” అంటూ బటన్ మీద వేలు పెట్టింది.

“వద్దు! మూయకే! శ్రీవాణీ, మూయకు!”

అలాంటి గొంతు ఆవిడ ఆయన దగ్గర ఎప్పుడూ వినలేదు. వేలు వెనక్కి లాక్కుంది.

“వైరు తొడుగు ఊడిపోయిందే. రాగితీగ నా గుప్పిట్లో ఉంది.”

“వచ్చెయ్యండి,” అంది. “వచ్చెయ్యండి, వచ్చెయ్యండి.”

పక్క గట్టు మీది నుంచి భీమరాజుగారు అరిచారు. “అమ్మా శ్రీవాణీ! డీజిల్ అయిపోతోంది, ఇంక మూసెయ్యమ్మా!”

“ఉండండి రాజుగారూ!” నీళ్లలోంచి ప్రసాద్ అరిచాడు. “దాన్ని తొందరపెట్టకండి! మీకు దణ్ణం పెడతాను, దాన్ని తొందరపెట్టకండి!”

ఒడ్డుకి వచ్చాడు. స్తంభం దగ్గరున్న పెట్టెలో తమ చెరువు స్విచ్చి కట్టేశాడు. వచ్చి భార్య పక్కన తడి గట్టు మీద కూలబడ్డాడు. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

“ఇప్పుడు మూయి,” అన్నాడు.

ఆవిడకి చేతకాలేదు. ఆయన తన తడి చెయ్యి ఆవిడ చేతి మీద వేసి, తానే నొక్కాడు.

ఊరంతా దీపాలు వెలిగాయి. చుట్టూ ఉన్న చెరువుల్లో చక్రాలు తిరగడం మొదలుపెట్టాయి. వాళ్ల చెరువు ఒక్కటే చీకటిగా ఉంది. ఆ వైరు తప్పించాలి, మిగతా చక్రాలు వెయ్యాలి, రొయ్యల సంగతి చూడాలి. అవన్నీ ప్రసాద్‌కి తెలుసు. అయినా లేవలేదు. ఆవిడ చెయ్యి పట్టుకుని అలాగే కూర్చున్నాడు.