ఆగకుండా రెండు వందలు

ఆ రోజు ఇంట్లో నలుగురు ఉన్నారు. గడప పక్కన గోడకు వీపు ఆనించి కూర్చున్న నాయినమ్మ బూదవ్వ. ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుడుతున్న అమ్మ వనజ. రైసుమిల్లు పనికి బయలుదేరబోతూ ఆగిన నాన్న అంజయ్య. మంచం మీద కూర్చొని తన కాళ్లను తానే పరీక్షగా చూసుకుంటున్న రవళి. వాళ్లు నన్ను లెక్కలోకి తీసుకోరు కాబట్టి నా సంగతి నేనే చెప్పుకోవాలి. నేను ఒక తాడును. పశువుల కొట్టంలో మేకుకు వేలాడుతుంటే అంజయ్య నన్ను దించి, దుమ్ము దులిపి, కూతురి ముందు పరిచాడు.

“నడుమ కాలు పెట్టి నిలవడు బిడ్డా.”

రవళి నా మధ్యలో పాదం పెట్టింది. ఆయన నా రెండు కొసలనూ ఆమె చంకల దాకా లాగి కొలిచి, మిగిలింది కొడవలితో కోసేశాడు. కొసలు విడిపోకుండా ముడులు వేశాడు. నొప్పా అని నన్నెవరూ అడగలేదు. ఆ ఇంట్లో రెండేళ్లుగా నొప్పి అన్న మాట రవళి ఒక్కదానిదే.

“దూడను కట్టేసే తాడుతోని ఆడివిల్లను దుంకిపిస్తవారా?” అంది బూదవ్వ.

“డాక్టరే చెప్పిండే అవ్వా. ఊకె కూసుంటే బొక్కలు గుల్లయితయట. మెల్లమెల్లగ కదులుమన్నడు.”

“గట్లయితే నీ పెండ్లాన్ని గుడ దుంకుమను. పొద్దంత కూసునే ఉంటది.”

“నేను దుంకుత అత్తా. బీడీలు నువ్వు చుట్టు,” అంది వనజ తలెత్తకుండానే.

రవళి నవ్వింది. నవ్వితే ఆమె మెడ దగ్గరి ఎముకలు కూడా కదిలాయి.

నన్ను పుట్టించింది ఆ ముసలమ్మే. చేను గట్టు మీది గోగు కట్టెలను నానబెట్టి, నార వలిచి, తొడ మీద పేని తాడు చేసింది. నా మొదటి కొలువు దూడ మెడలో. తల్లి వైపు ఉరికే దూడను ఆపడమే నా పని. మనుషులు పాలు పిండుకున్నాక నన్ను విప్పేవారు, ఆ దూడంటే తమకు ఎంత ప్రేమో చెప్పుకునేవారు. అలా మూడు దూడలను ఆపాను. బర్రెను అమ్మేశాక మేకుకు చేరాను. ఆపడం తప్ప మరో పని తెలియని నాకు ముసలితనంలో ఒక పిల్లను పరుగుకు సిద్ధం చేసే పని పడింది.

రవళి ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు ఖోఖోలో ఆమె వెంటపడితే తప్పించుకున్న పిల్ల లేదట. ఆమెకు నలుగురిలో మాట్లాడాలంటే సిగ్గు. ఆటలో ‘ఖో’ అనడం ఒక్కటే ఆమె గట్టిగా పలికే మాట. ఆ తర్వాత కడుపునొప్పి మొదలైంది. జ్వరం, రక్తం, రోజుకు పదిసార్లు పెరట్లోని మరుగుదొడ్డికి పరుగు. ముప్పై కిలోలకు దిగిపోయింది. పట్నం దవాఖానలో గొట్టం వేసి చూసి, పేగుల్లో పుండ్లున్నాయని, ఈ జబ్బు పేరు క్రోన్స్ అని చెప్పారు. పూర్తిగా పోయేది కాదు, మందులతో అణిగి ఉంటుంది అన్నారు. ఇంటికి వచ్చేసరికి ఆ మాటలో మొదటి సగం బస్సులోనే ఎక్కడో జారిపోయింది.

అణిగాక ఆమె కోరుకున్నది ఒక్కటే. మళ్లీ జట్టులోకి వెళ్లాలి. పదో తరగతి అయిపోతే ఆ బడి ఉండదు, ఆ జట్టూ ఉండదు. ఆట నేర్పే లింబాద్రి సారు చెడ్డవాడు కాదు.

“నువ్వు ఆడితే నాకు సంబురమే. గానీ గ్రౌండుల పడిపోతే మీ అమ్మకు నేనేం జవాబు చెప్పాలె? ఆగకుంట రెండొందలు దుంకి సూపియ్. పేరు రాస్త,” అన్నాడట. దసరా సెలవులకు ముందే మండలానికి పేర్లు పంపాలి. రెండు నెలల గడువు ఉంది.

మొదటి రోజు ఆరు. ఆరో దుంకుకే గోడ పట్టుకొని నిలబడిపోయింది. మరునాడు పదకొండు. ఆ మరునాడు అసలు లేవలేదు. దుంకుతూ దుంకుతూ నన్ను విడిచిపెట్టి మరుగుదొడ్డి వైపు పరుగెత్తేది. నేను మట్టిలో చీమలతో పడి ఉండేదాన్ని. తిరిగొచ్చాక ఆగినచోటి నుంచి లెక్క అందుకున్నా చూసేవాళ్లు లేరు. ఆమె మాత్రం ప్రతిసారీ ఒకటి నుంచే మొదలుపెట్టేది. ఈ మనుషుల్లో నేను గౌరవించింది ఏదైనా ఉంటే అదొక్కటే.

నెల తిరిగేసరికి ఆమె ముఖం ఉబ్బింది. మింగుతున్న గోలీలకు ముఖం అలా గుండ్రమవుతుందని డాక్టరు ముందే చెప్పాడు. కానీ నిండు ముఖం ఉన్న మనిషిని రోగి అంటే ఆ ఊళ్లో ఎవరూ ఒప్పుకోరు. బీడీల పనికి వచ్చిన ఆడవాళ్లు గడపలోనే ఆగిపోయేవారు.

“ఓ వనజా, బిడ్డ గుమ్మడికాయ లెక్కయింది గదనే! ఏం పెడుతున్నవే?”

బూదవ్వ ఉప్పు, మిరపకాయలు తిప్పి దిష్టి తీసింది. జబ్బు మందు వల్ల వచ్చిన వాపుకు దిష్టి తగులుతుందని వాళ్ల భయం.

“ఒళ్లొచ్చింది, దుంకుతాంది. ఇంక ఆ గోలీలెందుకే? వేడి చేస్తయి,” అంది కోడలితో.

వనజ వారం రోజులు ఆలోచించి గోలీల డబ్బాను అటక మీద పెట్టేసింది. మిల్లు దగ్గరే ఉండి వారానికోసారి వచ్చే అంజయ్యకు ఆ సంగతి చెప్పనేలేదు. మందు ఒక్కసారిగా మానకూడదని, కొంచెం కొంచెంగా తగ్గించాలని డాక్టరు రాసిచ్చిన చీటీలో ఉంది. ఆ ఇంట్లో ఆ చీటీ చదవగలిగింది రవళి ఒక్కతే. బడిలో పిల్లలు “ఏమే బూరెబుగ్గా” అని పిలుస్తుంటే ఆ ముఖం పోవాలని ఆమెకూ ఉంది. డబ్బా అటకెక్కుతుంటే ఆమె ఏమీ అనలేదు. నేను ఆమె చేతుల్లోనే ఉన్నాను. నా ముడుల మీద వేళ్లు బిగుసుకోవడం మాత్రం తెలిసింది.

మొదట్లో అంతా బాగుంది. తొంభై. నూట పన్నెండు. నూట అరవై నాలుగు. అంతకుముందు మింగిన మందు బలమే ఇంకా నడిపిస్తోందని మాలో ఎవరికీ తోచలేదు. తర్వాత ఆమె అడుగు బరువెక్కింది. మోకాళ్లు పట్టుకుని లేచేది. తన బట్టలు తానే ఉతుక్కోవడం మొదలుపెట్టింది. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆడపిల్లకు బుద్ధి వచ్చిందనుకున్నారు.

పేర్లు పంపాల్సిన రోజు పొద్దున సారు బండి మీద ఇంటికే వచ్చాడు.

“ఏం రవళీ, నిన్న బడికి రాకపోతివి? పదకొండు పేర్లు రాసిన. పన్నెండోది ఖాళీ ఉంది సూడు,” అని జేబులోని కాగితాన్ని తట్టి చూపించాడు.

రవళి చున్నీని నడుముకు బిగించుకొని నన్ను అందుకుంది. సారు లెక్కపెడుతుంటే బూదవ్వ కూడా అందుకుంది, ఇరవై దాటాక ఆమెకు అంకెలు తప్పిపోయినా సరే. వంద దాటింది. నూట యాభై. ఆమె అరచేతుల చెమట నా నారలోకి ఇంకింది. నూట ఎనభై.

“ఇంకో ఇరవయ్యే బిడ్డా, ఇరవయ్యే!” అన్నాడు సారు.

నూట ఎనభై ఏడు దగ్గర ఆగింది. నేను కాలికి తగలలేదు. ఆమే ఆగింది. కడుపు పట్టుకొని వంగింది. నన్ను వదిలి దొడ్డి వైపు పరుగెత్తింది, కానీ అక్కడిదాకా చేరలేదు.

వనజ చాట తోసేసి వెళ్లి ఆమెను ఎత్తుకొచ్చింది. సారు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. “ముందుగాల దవాఖానకు తీస్కపోండమ్మా,” అన్నాడు. బండి సీటు మీద కాగితం పరిచి ఇంకెవరి పేరో రాసుకున్నాడు. “ఏమనుకోకు బిడ్డా,” అని లోపలికి వినిపించేలా అని వెళ్లిపోయాడు.

వనజ చూపు నా మీద పడింది.

“గీ తాడే! గీ తాడే నా బిడ్డ పేగులు కదిలిచ్చింది.”

“నేను మొదలే అన్న. ఆడివిల్లకు దుంకుడేందని,” అంది బూదవ్వ.

వనజ నన్ను చుట్టచుట్టి విసిరితే దడి ముళ్ల మీద పడ్డాను. నాకు కోపం రాలేదు. మనుషులకు తప్పు మోపడానికి ఏదో ఒకటి కావాలి, అది చేతికి అందేంత దగ్గరలో ఉండాలి.

బట్టలు మార్చుకున్న రవళి తలుపు రెక్క పట్టుకొని గడపలో నిలబడింది. నా వైపు చూసి, తల్లి వైపు చూసింది. పెదవులు రెండుసార్లు కదిలాక గొంతు బయటికి వచ్చింది.

“తాడుతోని కాదమ్మా. గోలీలు బంద్ చేసినందుకు...”

“నడువ్ లోపలికి. ఇగ దుంకుడు లేదు, ఆట లేదు. మంచంల పండుకో.”

“చీటీల రాసి ఉందమ్మా. నేను సదివిన. సదివి గుడ నీకు...”

వనజ ఆమెను లోపలికి నెట్టి తలుపు మూసింది.