సున్నా దగ్గర వెలిగిన తెర

2011 వానాకాలంలో సూర్యాపేట బాలికల హాస్టల్‌కు ఆటోలో అట్టపెట్టెలు వచ్చాయి. ఎక్కడో ఆఫీసులో వాడి పక్కన పెట్టినవి, ఆ ఆఫీసువాళ్లు ఉచితంగా పంపిన ల్యాప్‌టాప్‌లు. పిల్లల సంబరం పూటైనా నిలవలేదు. వాటిలో విండోస్ లేదు, ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కించారు. మీట నొక్కగానే కంపెనీ గుర్తు తళుక్కుమనేది. లినక్స్ మొదలయ్యేసరికి తెర నల్లబడిపోయేది. అన్నిటిదీ అదే వరస.

వార్డెన్ బాలనర్సమ్మ కోదాడకు ఫోన్ చేసింది. ఒకప్పుడు అదే హాస్టల్లో ఉండి ఇంటర్ చదివిన దీప, ఇప్పుడు కోదాడ ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ లెక్చరర్.

"బిడ్డా, నువ్వు చెప్పేది గదే సదువు గదా. జర వొచ్చి సూడు. పనికిరానియి ఉంటే ఇచ్చినోళ్లు వాపస్ తీస్కపోతమంటున్రు. మల్ల ఇస్తరో లేదో!"

కాదనడానికి దీపకు నోరు రాలేదు. కానీ లోపల బెరుకుగానే ఉంది. కంప్యూటర్‌కూ దాని భాగాలకూ మధ్య దుబాసీలా పనిచేసే ప్రోగ్రాంను డ్రైవర్ అంటారు. వాటి గురించి ఆమె ఏళ్లుగా పాఠాలు చెబుతోంది. సొంతంగా ఒక్కటీ రాసింది లేదు.

ఆదివారం బస్సెక్కి వచ్చింది. గది కిటికీలు మూయించి, ఫోన్ టార్చిని తెరకు ఏటవాలుగా పట్టి చూసింది. నీళ్లడుగున గులకరాళ్లలా అక్షరాలు లీలగా కనిపించాయి.

"మేడమ్, ఇటు చూడండి. తెర బాగానే ఉంది. దాని వెనక వెలగాల్సిన లైటే వెలగట్లేదు."

"అయితే బలుబు మార్సాల్నా?"

"అక్కర్లేదు మేడమ్. మొదట్లో కంపెనీ గుర్తు కనిపిస్తోంది కదా, లైటు మంచిదే. లినక్స్ దానికి చెప్పే మాటలోనే ఏదో తేడా ఉంది."

"మరి ఆ మాటేందో నువ్వే చెప్పరాదు!" అంది బాలనర్సమ్మ, చీపురు అందుకోమన్నంత తేలిగ్గా.

దీప ఒక ల్యాప్‌టాప్‌ను కోదాడ తీసుకెళ్లింది. కాలేజీ నుంచి రాగానే దాని ముందు కూర్చునేది. ముక్కూమొహం తెలియని వాళ్లు రాసిన డ్రైవర్లు చదివి, అర్థమైనంత మేరకు తనూ రాయడం మొదలుపెట్టింది. మొదట రాసినవి యంత్రాన్ని కదలకుండా బిగించేశాయి. తర్వాతిది ఎక్కింది. లైటుకు ఎంత వెలుగు కావాలో సంఖ్యలో చెప్పాలి. ఎంతో ఆశగా అన్నిటికన్నా పెద్ద సంఖ్య ఇచ్చింది. తెర చీకటి చీకటిగానే ఉంది. రాసింది కొట్టేసి మళ్లీ రాసింది, మళ్లీ అదే పెద్ద సంఖ్య ఇచ్చింది, మళ్లీ అదే చీకటి. ఇది నావల్ల అయ్యే పని కాదు, రేపే వార్డెన్‌కు చెప్పేద్దాం అనుకుంది.

మర్నాడు పొద్దున కాలేజీకి బయల్దేరుతూ, లైటును పూర్తిగా ఆపేసి యంత్రాన్ని మూసేద్దామని సున్నా కొట్టింది.

తెర భగ్గున వెలిగింది.

దీప చేతిలో టిఫిన్ డబ్బాతో అలాగే నిలబడిపోయింది. సంఖ్య పెంచింది, వెలుగు తగ్గింది. తగ్గించింది, పెరిగింది. ఈ రకం యంత్రంలో లెక్క తిరగేసి ఉంది! లినక్స్ పాపం నిండుగా వెలగమని చెబుతుంటే, ఇది పూర్తిగా ఆరిపొమ్మన్నట్టు వింటోంది. ఆమె ఒక్కతే పకపకా నవ్వింది. ఆ రోజు మొదటి పీరియడ్‌కు ఆలస్యంగా వెళ్లింది.

డ్రైవర్‌లో లెక్క తిప్పి రాసి, హాస్టల్ యంత్రాలన్నిటికీ ఎక్కించింది. ఒక్కో తెరా వెలుగుతుంటే పిల్లలు ఈలలు వేశారు. ఊరుకోమని గదమాయించబోయిన బాలనర్సమ్మ తనే చప్పట్లు కొట్టింది.

ఈ యంత్రం ఇంకెందరి దగ్గర చీకట్లో మగ్గుతోందో అనిపించి, దీప తన మార్పును లినక్స్‌ను చూసుకునే వాళ్లకు మెయిల్‌లో పంపింది. ఎక్కడో దూరదేశంలో ఉన్న ఒకాయన జవాబిచ్చాడు. "మీరు కనుక్కున్నది నిజమే. కానీ మీ మార్పు ఈ కంపెనీ ల్యాప్‌టాప్‌లన్నిటికీ వర్తిస్తుంది. వేరే రకం మీద పరీక్షించారా?"

దీప మనసు చివుక్కుమంది. ఇంత చేస్తే ఇదా మాట! కానీ అడిగినదాంట్లో తప్పు లేదు. మిర్యాలగూడ రైస్‌మిల్లులో లెక్కలు రాసే చిన్నాన్న కొడుకు భాస్కర్ దగ్గర అదే కంపెనీది కొత్త రకం ఉంది. అక్కడికి వెళ్లింది. అతని ఫైళ్ల జోలికి పోకుండా, పెన్‌డ్రైవ్ నుంచే తన డ్రైవర్‌తో లినక్స్ నడిపింది.

తెర నల్లబడింది.

"అక్కా! ఏం జేసినవ్? ఖతమైందా ఏంది? గేటుకాడ లారీలున్నయ్!"

"ఏమీ కాలేదురా, ఉండు." పెన్‌డ్రైవ్ తీసి మళ్లీ ఆన్ చేస్తే ఎప్పటిలాగే వెలిగింది. భాస్కర్ ఊపిరి పీల్చుకున్నాడు. దీపకు మాత్రం ఆ మెయిల్ గుర్తొచ్చింది. ఆ పెద్దమనిషి అడక్కపోయుంటే, వెలుగుతున్న ఎందరి తెరలనో తను ఆర్పేసి ఉండేది.

"ఇగ ఇంటికి పోతవా?"

"పోను. నీ పని కానీ, అయ్యాక మళ్లీ ఇవ్వు."

బియ్యం బస్తాల పక్కన కుర్చీ వేసుకుని, వెంట తెచ్చుకున్న హాస్టల్ ల్యాప్‌టాప్‌లో డ్రైవర్‌ను సరిదిద్దింది. ముందు యంత్రం ఏ రకమో చూడాలి, ఆ రకమైతేనే లెక్క తిప్పాలి, కాకుంటే ముట్టుకోకూడదు. లారీలు వెళ్లాక భాస్కర్ తన యంత్రాన్ని బిక్కుబిక్కుమంటూ ఇచ్చాడు. ఈసారి తెర ఆరలేదు. హాస్టల్‌ది కూడా వెలుగుతూనే ఉంది. రెంటినీ పక్కపక్కన పెట్టి దీప చాలాసేపు చూసింది. భాస్కర్ చాయ్ తెప్పించాడు.

సరిదిద్దినదాన్ని మళ్లీ మెయిల్‌లో పంపితే, ఈసారి ఆ దూరదేశపాయన ఒప్పుకున్నాడు. చలికాలం వెళ్లేలోగా వచ్చిన కొత్త లినక్స్‌లో ఆమె రాసిన వరుసలు చేరాయి. తర్వాత ఒక రోజు ఎవరో తెలియనామె మెయిల్ రాసింది, అటక మీద పడేసిన ల్యాప్‌టాప్‌లో ఇప్పుడు మా అమ్మాయి హోంవర్క్ చేసుకుంటోంది అని. దీప హాస్టల్‌కు వచ్చి దాన్ని బాలనర్సమ్మకు తెలుగులో చదివి వినిపించింది.

"గంత దూరం పోయిందా నీ రాత!" అని ఆమె ముక్కు మీద వేలేసుకుంది. ల్యాప్‌టాప్‌లు వాపసు అడగడానికి వచ్చినవాళ్లు, పిల్లలు వాటి మీద పని చేసుకోవడం చూసి, వట్టి చేతులతో వెళ్లిపోయారని చెప్పింది.

అంతలో దామరచర్ల దగ్గరి తండా నుంచి వచ్చి చదువుకుంటున్న రుక్మిణి తలుపు దగ్గర తచ్చాడింది.

"మేడమ్, మా దాంట్ల తెర మంచిగొస్తుంది గానీ, సౌండ్ అస్సలొస్తలేదు. అది గూడ తిరగేసే ఉన్నదా?"

"ఏమో, నాకూ తెలీదు," అంది దీప. పక్కనున్న కుర్చీ లాగింది. "రా, కూర్చో. ఇద్దరం కలిసి చూద్దాం."