బీరువా వెనక తలుపు

ఆ చర్చిలో అందరికీ దేవుడి మీద నమ్మకం ఎక్కువ, ప్లగ్గుల మీద అంతకంటే ఎక్కువ. కీబోర్డు, మైకు, రెండు ఫ్యాన్లు, టీ కెటిలు అన్నీ ఒకే ప్లగ్గు మీద బతికేవి. ఒక ఆదివారం కీబోర్డు వెనక నుంచి సన్నగా పొగ లేచింది. పాటలు పాడించే మాస్టారు కంగారులో బల్ల మీది పూలకుండీ ఎత్తి, పూలతో సహా నీళ్లు దాని మీద కుమ్మరించబోయాడు. ముందు వరసలో కూచునే పెద్దావిడ కోడలు మూడో వరసలోంచి ఒక్క ఉదుటున వెళ్లి మెయిన్ స్విచ్చి కట్టేసింది.

"కరెంటు మీద నీళ్లేమిటి మాస్టారూ! ఇంకాస్తయితే మిమ్మల్నే ఆర్పాల్సొచ్చేది!" అని అందరి ముందూ కేకలేసింది.

ఆ కేకకే ఆవిడ దొరికిపోయింది. బట్టల మిల్లులో సేఫ్టీ ఆఫీసరు కదా, మన గుడి సంగతి కూడా నువ్వే చూడమ్మా అని పెద్దలు తీర్మానించారు. అందరూ చప్పట్లు కొట్టారు. పని ఇంకొకరి నెత్తిన పడ్డప్పుడు చప్పట్లు కొట్టడంలో ఆ సంఘం ఏనాడూ వెనకాడలేదు. ఆవిడకి 'అపాయమ్మ' అని పేరు పెట్టింది కూడా ఆ మాస్టారే.

అపాయమ్మ నిజంగానే పని మొదలుపెట్టింది. తెర పక్కనున్న కొవ్వొత్తుల్ని అవతలికి జరిపింది. కాలికి తగిలే తివాచీ అంచులు అతికించింది. మందుల పెట్టె తెరిస్తే అందులో గడువు దాటిన దగ్గుమందూ, సండేస్కూలు పిల్లల రంగు పెన్సిళ్లూ కనపడ్డాయి. పెన్సిళ్లు పిల్లలకిచ్చి, దగ్గుమందు పారబోసి, కట్లూ దూదీ కొత్తగా కొనిపెట్టింది. జనం నవ్వారు, సణిగారు, అలవాటు పడ్డారు. అంతా సాఫీగానే నడిచింది, పక్క తలుపు దాకా.

ఆ గుడికి రెండు తలుపులు. వెనక వైపు పెద్ద తలుపు, ముందు వరస పక్కన చిన్న తలుపు. చిన్న తలుపు తెరిస్తే వీధి దుమ్మొస్తోందనీ, గాలికి పాటల పుస్తకాలు ఎగురుతున్నాయనీ ఎప్పుడో మూసేశారు. మూసిన తలుపుకి అడ్డంగా టేకు బీరువా ఒకటి పెట్టారు. పాటల పుస్తకాలన్నీ అందులోనే. నిలువెత్తు బీరువా, నున్నటి చెక్క, ఒక్క మేకు కనపడదు. దాన్ని చేసింది కోడలి మామగారు. ఆయన వడ్రంగి. చేతులు వణకడం మొదలయ్యాక చేసిన ఆఖరి సామాను అది. ఆయన పోయాక అత్తగారు దాన్ని గుడికిచ్చి, దాని పక్క సీటు తన సీటు చేసుకుంది. ప్రతి ఆదివారం ఆరాధనకి ముందు చేతిరుమాలుతో దాని తలుపులు తుడిచి, అప్పుడు కూచుంటుంది. మొగుడి భుజం మీద దుమ్ము దులిపినట్టే తుడుస్తుంది.

మంటలొస్తే ముందు వరసల వాళ్లకి ఆ తలుపే దారి. ఇప్పుడు ఆ బీరువా జరపమని అత్తగారితో ఎవరు చెప్పాలి? మిల్లులో మేనేజరంతటి వాణ్ణి హెల్మెట్ పెట్టుకుంటావా, బయటికి పోతావా అని నిలదీసిన మనిషికి అత్తగారి ముందు నోరు పెగల్లేదు. మొగుణ్ణి కదిపితే, "నన్ను మధ్యలోకి లాగకు. మీ ఇద్దరి మధ్యా నేను అడకత్తెరలో పోకచెక్కని" అని పేపరు వెనక దాక్కున్నాడు.

చివరికి వంటింట్లో కూరగాయలు తరుగుతూ తనే కదిపింది.

"అత్తయ్యా, ఆ బీరువా ఎదురు గోడకి పెడితే ఇంకా బాగా కనిపిస్తుందేమో."

అత్తగారు కత్తిపీట మీంచి తల ఎత్తలేదు. "నీ చూపు ఎటు పోతోందో నాకు తెలుసులేవే. ఆ బీరువా అక్కణ్ణించి కదిలిన రోజు నేనూ ఆ గుళ్లోంచి కదిలినట్టే. మీ మామయ్య అన్నీ వదిలేసి పోయాడు. అదొక్కటే నా పక్కన నిలబడుంది."

ఆ రాత్రి కోడలికి అన్నం సహించలేదు. అత్తయ్య మనసు విరగ్గొట్టే హక్కు తనకి లేదు, ఆ తలుపు మూసి ఉంచే హక్కు అంతకన్నా లేదు. పామూ చావకూడదు, కర్రా విరగకూడదు అంటారే, అచ్చం ఆ పరిస్థితి.

బీరువా సంగతి పక్కనపెట్టి, ముందు మంటల డ్రిల్లయినా చేద్దామనుకుంది. తను కొత్తగా బిగించిన అలారం మోగగానే అందరూ బయటికి నడవాలి, అంతే. ముందు వారం ప్రకటన చేయించింది. మోగాక ఎవరూ కూర్చోకూడదని అయ్యగారి చేతే చెప్పించింది. అయ్యగారంటే పాస్టరుగారు, వెన్నలాంటి మనిషి. "అలాగేనమ్మా, తప్పకుండా" అన్నాడు.

ఆదివారం ఆఖరి పాట మధ్యలో అలారం మోగింది, చెవులు చిల్లులు పడేలా. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. పాట సగంలో ఆపడం ఎక్కడైనా ఉందా అన్నట్టు మాస్టారు గొంతు పెంచి అలారం మీద గెలిచాడు. చరణాలన్నీ అయ్యాయి. దీవెన అందకుండా కదలడం ఆ జనానికి చేతకాదు కాబట్టి అందరూ తలలొంచి నిలబడ్డారు. అయ్యగారు కూడా అలవాటు కొద్దీ చేతులెత్తి దీవించి, గబగబా పెద్ద తలుపు దగ్గరికి నడిచి, గుమ్మం మధ్యలో నిలబడి, ప్రతివారం లాగే చెయ్యి చాపాడు.

"మోకాలు ఎలా ఉందమ్మా? అబ్బాయి పరీక్షలెలా రాశాడు? కొత్త ఇంట్లో దిగారటగా?"

అలారం మోగుతూనే ఉంది. మంటలొచ్చినా చెయ్యి కలపకుండా పోరు ఆ జనం. వెనక వరసల వాళ్లు ముందు, ముందు వరసల వాళ్లు వెనక, ఒక్కొక్కరే గుమ్మంలో ఆగి కబురు చెప్పి కదులుతున్నారు. లైను చీమల బారులా మెల్లిగా సాగింది.

కోడలు కేకలెయ్యలేదు. నీరసంగా వచ్చి ముందు వరసలో అత్తగారి పక్కన కూలబడింది. అత్తగారు చేతికర్ర ఒళ్లో పెట్టుకుని తన వంతు కోసం చూస్తోంది. చుట్టూ బెంచీలన్నీ ఖాళీ అయిపోతున్నాయి.

"ఇది నిజంగా మంటయితే ఇప్పుడు నేనెక్కడుంటానే?" అంది అత్తగారు ఉన్నట్టుండి.

"ఇక్కడే అత్తయ్యా."

"నువ్వో?"

"నేనూ ఇక్కడే."

"నీకేం, కాళ్లు గట్టివి. పరిగెత్తొచ్చుగా."

"మిమ్మల్నిక్కడ పెట్టి నేనెక్కడికి పరిగెత్తను?"

కోడలు ఆ మాట పెద్దగా ఏమీ ఆలోచించి అనలేదు. పప్పులో ఉప్పు వేశానన్నంత మామూలుగా అంది. అత్తగారు మాత్రం చాలాసేపు ఆవిడ మొహంలోకి చూసింది. తర్వాత బీరువా వైపు చూసింది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. కోడలికి భయమేసింది, ఎందుకన్నానురా దేవుడా అనుకుంది.

అత్తగారు కర్ర నేలకేసి టకటకా కొట్టింది. "ఒరేయ్ అబ్బాయ్! మాస్టారూ! ఇలా రండి ఇద్దరూ! ఈ బీరువా ఎదురు గోడకి లాగండి."

కొడుకు నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. "అమ్మా, అది నాన్న..."

"నాన్నదేరా. మీ నాన్న అది పుస్తకాలకి చెద పట్టకుండా చేశాడు గానీ, కోడలికి దారి మూయడానికి చేయలేదు. చూస్తారేం? పట్టండి! మూల గీరుకుందో, ఊరుకునేది లేదు."

పుస్తకాలు దించి, కింద గోనెసంచి వేసి, నెమ్మదిగా లాగారు. వెనకున్న తలుపు గొళ్లెం తుప్పుపట్టి మొరాయించింది. మాస్టారు భుజంతో రెండు దెబ్బలేసేసరికి భళ్లున తెరుచుకుంది. ఎండా గాలీ ఒకేసారి లోపలికొచ్చాయి. బల్ల మీది కాగితాలన్నీ లేచి ఎగిరాయి. "అదిగో, చెప్పలా గాలని!" అని అత్తగారు సణిగింది, కానీ సీటు మాత్రం మారలేదు. కోడలు మొహం అటు తిప్పుకుని కళ్లు తుడుచుకుంది. సంతోషం వస్తే దాచుకోవడం ఆవిడకి ఎప్పుడూ చేతకాలేదు.

ఆ వారమే ఆవిడకి ఒక ఉపాయం తట్టింది. ఈ జనం అలారం వెంట నడవరు, అయ్యగారి చెయ్యి వెంట నడుస్తారు. అయితే ఆ చెయ్యినే బయట పెడితే సరి! వెళ్లి అయ్యగారితో చెప్పింది. "అలారం మోగిన మరుక్షణం మీరు పక్క తలుపులోంచి వెళ్లి ప్రహరీ మూల నిలబడండి. కరచాలనం అక్కడే. దీవెన కూడా అక్కడే." అయ్యగారు పడీపడీ నవ్వి సరేనన్నాడు.

రెండో డ్రిల్లు చూసి తీరాలి. అలారం మోగింది. పాట మొదటి చరణంలోనే అయ్యగారు చేతులూపుకుంటూ పక్క తలుపులోంచి బయటికి నడిచాడు. దీవెన చేజారిపోతుందేమోనని జనం రెండు తలుపుల్లోంచీ ఆయన వెంట పడ్డారు. మాస్టారు పాట నోట్లో ఉండగానే నడిచాడు. మిల్లులో కూడా ఇంత తొందరగా బయటికొచ్చిన షిఫ్టుని కోడలు చూడలేదు.

లోపల మిగిలింది ఇద్దరే. అత్తగారు తెరిచిన తలుపుని వీపుతో ఆనించి పట్టుకుని, కాపలాదారులా నిలబడి ఉంది.

"నడవండత్తయ్యా. అందరూ వెళ్లాక ఆఖర్న వెళ్లాల్సింది నేను. అది నా డ్యూటీ."

"నీ డ్యూటీ మిల్లులో. ఇక్కడ తలుపు పట్టుకున్నది నేను. ముందు నువ్వు నడు."

"రూలు రూలే అత్తయ్యా."

"నేను పెద్దదాన్ని. అదీ రూలే."

అలారం మోగుతుండగా గుమ్మంలో అత్తాకోడళ్లు వాదులాడుకుంటున్నారు. బయట ప్రహరీ మూల నుంచి సంఘమంతా చోద్యం చూస్తోంది. చివరికి కోడలే నవ్వేసి, అత్తగారి చెయ్యి పట్టుకుని, ఆవిడతో కలిసి ఒకే అడుగులో గడప దాటింది. ఇద్దరికీ సరిపడా వెడల్పుంది ఆ తలుపు.

ప్రహరీ దగ్గర అయ్యగారు నవ్వుతూ చెయ్యి చాపాడు.

అత్తగారు ఒక చేతిలోని కర్రనీ, ఇంకో చేతిలోని కోడలి చెయ్యినీ చూసుకుంది. ఏదీ వదల్లేదు.

"చెయ్యి ఖాళీ లేదయ్యగారూ, వచ్చే వారం చూద్దాం" అంది.