పెద్దసారు రక్తపరీక్ష

ల్యాబులో అందరూ ఆయన్ని పెద్దసారు అంటారు. ఆ పెద్దరికం వయసులో ఉందో, గొంతులో ఉందో ఎవరికీ తెలీదు. రక్త క్యాన్సర్ రోగుల ఒంట్లో జబ్బులతో పోరాడే టి కణాలు ఆ క్యాన్సర్ మీద తిరగబడుతున్నాయని నిరూపించి నలుగురిలో గొప్ప అనిపించుకోవాలని ఆయన తాపత్రయం.

చాకిరీ అంతా టెక్నీషియన్‌ది. రోగి రక్తంలోంచి టి కణాలు తీసి, గుంటల ప్లేటులో పోసి, క్యాన్సర్ కణాల ప్రొటీన్ ముక్కలు కలుపుతుంది. టి కణాలు వాటిని గుర్తుపట్టి తిరగబడితే గుంట అడుగున నల్లచుక్కలు పడతాయి. పద్ధతి ప్రకారం జబ్బు లేని మనిషి రక్తాన్ని కూడా పక్క గుంటల్లో ఇలాగే పరీక్షించాలి, అందులో చుక్కలు పడకూడదు. పెద్దసారు దాన్ని ఎత్తేశారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల రక్తంలో చూసేదేముంది, గుంటలు దండగ అన్నారు.

అప్పట్నుంచి వచ్చిన ప్రతి రోగికీ చుక్కలే. పడనివాడు ఒక్కడుంటే ఒట్టు. పెద్దసారు మీసం మెలేశారు, ఆమెకు ఒళ్లు మండింది. ప్రొటీన్ సీసాలో ఏదో మురికి చేరిందని, కణాలు దాన్ని చూసే రెచ్చిపోతున్నాయని రెండుసార్లు చెప్పింది. ఆయన వింటేగా.

ఈలోగా ఒక దర్జీ వంతు వచ్చింది. మూడేళ్లుగా మాత్రలతో జబ్బును అదుపులో పెట్టుకున్న మనిషి. చుక్కలు దండిగా ఉన్నాయి కాబట్టి సోమవారం నుంచి మాత్రలు ఆపేయాలన్నారు పెద్దసారు, ఇక అతని కణాలే చూసుకుంటాయట. వాంతుల బాధ తప్పుతుందని దర్జీ పొంగిపోయి చేతులు జోడించాడు. అది చూసి ఆమె ఫ్రీజర్ వైపు నడిచింది.

నిరుడు పెద్దసారు రక్తమిస్తూ ఫొటో దిగారు. ఆ రక్తంలోంచి తీసిన కణాల ట్యూబు ఫ్రీజర్‌లో అలాగే పడి ఉంది. ఆమె దాన్ని తీసి, అదే ప్రొటీన్ సీసాతో పరీక్ష చేసింది.

శుక్రవారం మీటింగులో ఆ ప్లేటు ఫొటోని పేరు చెప్పకుండా తెరమీద వేసింది. ఇంత పౌరుషమున్న కణాలు తన సర్వీసులో చూడలేదన్నారు పెద్దసారు. ఈ రోగికి కూడా మాత్రలు ఆపేయమని సెలవిచ్చారు.

"అది మీ రక్తం సార్," అందామె.

ఇప్పటికైనా పరీక్ష తప్పని ఒప్పుకుంటారేమోనని చూసింది. పెద్దసారు మొహం పాలిపోయింది. గొంతు తగ్గించి అడిగారు.

"నాకు ఎప్పట్నుంచి ఉందంటావమ్మా?"

దర్జీ మాత్రలు ఆపొద్దని రాసి తెచ్చిన కాగితం ఆమె ఆయన ముందు పెట్టింది. ఆయన చదవకుండానే సంతకం చేసి, ఆ మాత్రలు తను రోజుకెన్ని వేసుకోవాలని అడిగారు.