నలభై నాలుగో తెగ వారి విందు

పదకొండు గంటలకి రెండో బస్తా పిండి విప్పారు. మూడు వందల యాభై మందికి భోజనం. మనిషికి నాలుగు రొట్టెలు అనుకున్నా పద్నాలుగు వందలు. వంటింట్లో పొయ్యిలు నాలుగు, కిటికీలు రెండు. రెండూ మూసేసి ఉన్నాయి. తలుపుకి లోపలి నుంచి గడియ. ఎందుకయ్యా గడియ అంటే, మడి.

ఆ మడి నౌతమ్ మహారాజ్ పెట్టింది. కెన్యా దేశంలో కిసుము పట్టణపు గుజరాతీ సమాజం వారి భోజనశాలకి అతను వంటవాడు. బ్రాహ్మణ వంటవాణ్ణి మహారాజ్ అని పిలవడం వాళ్ల ఆనవాయితీ. పిలుపుకి ఖర్చు లేదు కాబట్టి ఘనంగానే పిలుస్తారు. జీతం నెలకి ఇరవై ఎనిమిది వేల షిల్లింగులు, పడకకి సామాన్ల గది వెనక ఒక మంచం. "వంటయ్యేదాకా ఎవరూ లోపలికి రాకూడదు, చూపు పడినా మైలే" అని అతను అంటే సమాజం పెద్దలు పొంగిపోయారు. ఏమి నిష్ఠ! గుజరాత్‌లోని అమ్రేలీ నుంచి విమానం డబ్బులు పెట్టి తెప్పించినందుకు గిట్టుబాటైందనుకున్నారు.

ఆ గడియ వెనక రొట్టెలు ఒత్తుతున్నది అపోండి.

అపోండి ఆ నేల మనిషే, లువో తెగ. నాలుగేళ్లుగా అక్కడ అంట్లు తోముతోంది. రోజుకి నాలుగు వందల యాభై షిల్లింగులు. ఆరు నెలల కిందట నౌతమ్ నూనె ఒలికిన గచ్చు మీద జారిపడి కుడి మణికట్టు రెండు చోట్ల విరగ్గొట్టుకున్నాడు. సమాజం అధ్యక్షుడు ధీరజ్‌లాల్ శేఠ్ వచ్చి చూసి, "అయ్యో పాపం, మరి ఆదివారం పెళ్లి భోజనాలో?" అని పరామర్శించి వెళ్లాడు. సమాజానికి సొంత ఆస్పత్రి ఉంది, సభ్యులకి ఉచితం. నౌతమ్ సభ్యుడు కాడు. ఈమధ్య విమానం దిగిన ఇండియా వాళ్లని అక్కడ పుట్టి పెరిగిన గుజరాతీలు రాకెట్ అంటారు. శేఠ్ మనవలు అతన్ని ఎదురుగానే అలా పిలిచేవారు. వీధిలోకి వెళితే అద్దె మోటారు సైకిళ్ల కుర్రాళ్లు "ఒరే ఇండియావోడా, మీ దేశం ఎప్పుడు పోతావ్" అని అరిచేవారు. లోపల రాకెట్టు, బయట పరాయివాడు.

అతన్ని సర్కారు ఆస్పత్రికి తీసుకెళ్లింది అపోండి. కట్టు కట్టించి, జొన్న జావ కాచి తెచ్చి, గుక్కగుక్కా తాగించింది. ఆదివారం పెళ్లికి గడియ వేసుకుని అప్పడాల కర్ర చేతిలోకి తీసుకున్నదీ తనే. నాలుగేళ్లు చూసి చూసి నేర్చుకున్న పని. ఆమె ఒత్తితే రొట్టె ఒక్క అంచున కూడా మందంగా ఉండేది కాదు. పొయ్యి మీద వేస్తే బుడగలా పొంగేది. పెళ్లివారు "ఈ చేతిలో అన్నపూర్ణ ఉంది" అని నౌతమ్‌కి శాలువా కప్పారు. శాలువా అతను ఉంచుకుని, అపోండికి అర కిలో గోధుమపిండి ఇచ్చాడు. మనవాడు ధర్మరాజేం కాదు. కట్టు విప్పాక కూడా మణికట్టు తిరగలేదు. ఆ సంగతి బయట చెబితే ఉద్యోగం ఊడుతుంది, అమ్రేలీలో చిన్న కూతురి నర్సింగు చదువు ఆగుతుంది. అందుకని మడి రోజురోజుకీ గట్టిపడింది.

"పెద్దాయనా, ఇవాళ మీవాళ్లకి ఏం పండగ?" అంది అపోండి ఉండ నొక్కుతూ.

"పండగ కాదు. మమ్మల్ని సర్కారు ఈ దేశపు తెగల్లో కలిపేసుకుంది. నలభై నాలుగో తెగ మేం."

"ఓయమ్మో! అయితే మనం చుట్టాలమైపోయామన్నమాట. మరి చుట్టానికి చాయ్ పోసే కప్పు ఇంకా బయట కుళాయి గోడ మీదే ఉందేం?"

"నన్నడుగుతావేంటి? వాళ్లది నలభై నాలుగో తెగ. నాది రాకెట్ తెగ."

"నీ తెగలో పెళ్లాలు లేరా, రొట్టెలు ఒత్తడానికి? నా నడుం పడిపోతోంది."

"ఇంకో ఆరు వందలే. కానీ, కానీ," అన్నాడు నౌతమ్, ఎడం చేత్తో పట్టకారు పట్టుకుని రొట్టె తిప్పుతూ.

సామాన్ల గదిలోంచి వంటింట్లోకి ఇంకో తలుపుంది. దాని తాళంచెవి శేఠ్ భార్య ఇందుమతీబెన్ దగ్గర ఉంటుంది. అత్తగారికి వేరే నెయ్యి కావాలని ఆవిడ ఆ గదిలోకి వచ్చింది. మాటలు వినబడి, తాళం తీసి ఆ తలుపు తోసింది.

"అయ్యో అయ్యో! ఏం పాపమిది! ఇదా ఒత్తుతోంది? ఇన్నాళ్లూ మా అత్తగారి నోట్లో పెట్టింది దీని చేతివా?"

ఆవిడ ముగ్గురు పిల్లల్ని నీళ్లు పోసి, చంకనేసుకుని పెంచిన ఆయా చేతులు ఏ రంగువో ఆ క్షణాన ఆవిడకి గుర్తు రాలేదు. ఆ చేతులు పిల్లల్ని ముట్టుకోవచ్చు. పిండిని ముట్టుకోకూడదు. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఆవిడ పరుగెత్తింది. దారిలో కనబడిన ముగ్గురు ఆడవాళ్లకి మాత్రం ఆగి చెప్పింది.

ధీరజ్‌లాల్ శేఠ్ పట్టు లాల్చీలో వచ్చాడు. చేతిలో ఉపన్యాసం కాగితాలు. వ్యాపారస్థుడు, అరవలేదు. ముందు వెదురు తట్టల్లో ఉన్న రొట్టెలు ఎన్నో చూశాడు.

"ఎన్నయ్యాయి?"

"ఎనిమిది వందలు, శేఠ్."

"ఎన్నాళ్ల నుంచి?"

నౌతమ్ తలొంచుకున్నాడు. "చెయ్యి విరిగిన కాడ్నించి."

"సర్లే. పారబోస్తే పంక్తి ఎండిపోద్ది. కౌంటీ సర్కారు ఆఫీసరు వచ్చి కూర్చున్నాడు. ఈ హాలు స్థలం లీజు కాగితం ఆయన బల్ల మీదుంది. వడ్డించెయ్యండి." శేఠ్ కాగితాలు మడిచాడు. "కానీ ఆడాళ్ల నోళ్లు మూయించలేం కదా. పెద్దవాళ్లు నలుగురు అప్పుడే చేతులు ముడుచుకు కూర్చున్నారంట. నా ఉపన్యాసం అవగానే నువ్వు మైకు దగ్గరికొస్తావ్. నువ్వు స్నానానికి వెళ్తే ఇది నెయ్యి డబ్బా ఎత్తుకుపోదామని లోపల దూరింది. పిండి ముట్టుకుంది. నువ్వు పట్టుకున్నావ్. ఆ పిండి పారేసి మళ్లీ నువ్వే చేశావ్. గుజరాతీలో చెప్పు. ఆఫీసరుకి ఈ గోలంతా ఎందుకు."

"నెయ్యి డబ్బానా? నేనా?" అంది అపోండి. నాలుగేళ్లలో వంటింటి గుజరాతీ ఆమె చెవికి బాగానే పట్టింది. చేతుల్లో కర్ర అలాగే ఉంది. "పెద్దాయనా, చెప్పవేం?"

నౌతమ్ పొయ్యి వైపు చూశాడు. పొయ్యి మీద రొట్టె మాడుతోంది.

"నీ పర్మిట్ కాగితం కూడా నా బల్ల మీదే ఉంది మహారాజ్. సోమవారం ఆఖరి రోజు. పాస్‌పోర్టు ఎక్కడుందో నీకు తెలుసుగా," అన్నాడు శేఠ్ మెత్తగా. పాస్‌పోర్టు శేఠ్ ఇనప్పెట్టెలో ఉంది. దిగిన రోజున, పోగొట్టుకుంటావని భద్రం చేశాడు. అంతటి దయామయుడు.

గేటు కాపలావాడు వచ్చి అపోండి రెక్క పట్టుకున్నాడు. అతనూ ఆమె పేటవాడే. పట్టుకోవడానికి సిగ్గుపడుతూ పట్టుకున్నాడు. ఆమె కర్ర బల్ల మీద పెట్టి, చేతులకంటిన పిండి కడుక్కోకుండానే వెళ్లిపోయింది. వెళ్తూ నౌతమ్ వైపు చూడలేదు. తిట్టినా బాగుండేదనుకున్నాడు అతను.

హాలులో పంక్తులు నిండాయి. వంకాయ కూర, పప్పు, మామిడి తొక్కు, ఆకులో రెండేసి రొట్టెలు. ఉపన్యాసం ఊరంతటికీ వినబడాలని శేఠ్ గేటు స్తంభానికి కూడా లౌడ్‌స్పీకర్లు కట్టించాడు. ఆఫీసరు పక్కన నిలబడి, ఆయనకి అర్థమవ్వాలని స్వాహిలీలో మొదలుపెట్టాడు.

"నూట ఇరవై ఏళ్లు మనల్ని పరాయివాళ్లన్నారు. తెల్లవాళ్లు మన తాతల్ని క్లబ్బు గుమ్మం ఎక్కనివ్వలేదు. పక్కన కూర్చోనివ్వలేదు. మన చేతి నీళ్లు తాగలేదు. సోదరులారా, రంగు చూసి మనిషిని తూచడం కంటే నీచం ఇంకోటుందా? ఇవాళ్టి నుంచి మనం ఈ నేల పిల్లలం!"

చప్పట్లు మోగాయి. ఆఫీసరు కూడా కొట్టాడు, రొట్టె తుంపిన చేత్తోనే. చేతులు ముడుచుకున్న పెద్దలు నలుగురూ కూడా కొట్టారు. మన చేతి నీళ్లు తాగలేదన్న చోట ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు. ఆయన ఆకులో రొట్టెలు రెండూ ముట్టుకోకుండా ఉన్నాయి. సిగ్గనేది మనిషికి పుట్టుకతో వస్తుందంటారు గానీ, కొందరికి దారిలో ఎక్కడో జారిపోతుంది.

శేఠ్ గుజరాతీకి మారాడు. "చిన్న పుకారొకటి తిరుగుతోంది. మన మహారాజ్ స్వయంగా చెబుతాడు, వినండి."

నౌతమ్ మైకు దగ్గరికి వచ్చాడు. ఆ హాలులో అతనెప్పుడూ వడ్డించడానికి వంగి నడిచినవాడే. నిటారుగా నిలబడితే అందరి ముఖాలూ ఒక్కసారి కనబడ్డాయి. శేఠ్ మనవడు పక్కవాడి చెవిలో "రాకెట్" అన్నాడు. ఇద్దరూ కిసుక్కున నవ్వారు. గోడ వారగా అన్నం గిన్నెలు మోసే లువో పనివాళ్లు ఆరుగురు నిలబడి ఉన్నారు. గుజరాతీలో చెబితే వాళ్లకి అర్థం కాదు. అపోండి గురించి ఏం చెప్పారో రేపు పోలీసు స్టేషన్లో తెలుస్తుంది.

కూతురి ఫీజు గుర్తొచ్చింది. జొన్న జావ గుర్తొచ్చింది. జావ తాగించేటప్పుడు ఆమె నడుముకి కట్టుకున్న గుడ్డ చెంగుతో తన మూతి తుడిచింది. నలభై తొమ్మిదేళ్ల వయసులో పరాయి ఊళ్లో ఒక మనిషి తన మూతి తుడిచింది. అతనికి తన మీద తనకే రోత పుట్టింది.

నోరు తెరిచాడు. వచ్చింది గుజరాతీ కాదు, స్వాహిలీ. వంటింట్లో అపోండి దగ్గర నేర్చుకున్న ముక్కలు.

"నేను నౌతమ్. పప్పు నేను. కూర నేను. రొట్టె నేను కాదు. రొట్టె అపోండి. ఆరు నెలలు అపోండి. నా చెయ్యి తిరగదు." కుడి చెయ్యి ఎత్తి చూపించాడు. "పెళ్లికి మీరు తిన్నారు, అది అపోండి. పెద్దమ్మగారు రోజూ తింటారు, అపోండి. ఇప్పుడు ఆకులో ఉంది, అపోండి. అపోండి నెయ్యి దొంగ కాదు. దొంగ నేను. శాలువా ఆమెది, కప్పుకుంది నేను. శేఠ్ గారు వేరేగా చెప్పమన్నారు. నేను చెప్పను."

ఆ ఊళ్లో పుట్టినవాళ్లు కదా, స్వాహిలీ అందరికీ వచ్చు. మూడు వందల యాభై చేతులు గాలిలో ఆగిపోయాయి. ఎవరో నోట్లోది అరచేతిలోకి ఉమ్మారు. ఇందుమతీబెన్ అత్తగారు మాత్రం చెవుడు వల్ల ఏమీ వినబడక, రెండో రొట్టె తుంపుకుని హాయిగా నములుతోంది.

ధీరజ్‌లాల్ శేఠ్ ముఖాన కత్తివాటుకి నెత్తురు చుక్క లేదు. "నీ సంగతి సోమవారం కాదు, ఇప్పుడే," అన్నాడు పళ్ల మధ్య నుంచి.

"సరే," అన్నాడు నౌతమ్. మైకు ఎలా ఆపాలో అతనికి తెలియదు. అలాగే ఆఫీసరు ముందున్న బల్ల మీద పెట్టి, పంక్తుల మధ్య నుంచి నడిచి బయటికి వచ్చేశాడు. పాస్‌పోర్టు లేదు, జేబులో రెండు వందల షిల్లింగులున్నాయి, ఎటు పోవాలో తెలియదు.

గేటు దగ్గర అపోండి రాతి అరుగు మీద కూర్చుని ఉంది. చేతుల మీద పిండి ఎండి పెచ్చులు కట్టింది. కాపలావాడు ఫోను చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"పోలీసుల్ని పిలవమన్నాడు శేఠ్. పిలవనా వద్దా?" అన్నాడు నౌతమ్‌ని చూసి.

"నువ్వూ స్పీకరులో విన్నావుగా," అంది అపోండి. "విన్నాక కూడా ఇతన్నడుగుతావేం? ఆ శేఠ్‌నే పోయి అడుగు."

కాపలావాడు ఫోను జేబులో పెట్టలేదు, నొక్కనూ లేదు.

నౌతమ్ అరుగు మీద ఆమె పక్కన కూర్చున్నాడు.

"ఆరు నెలలు పట్టింది నీకు," అంది అపోండి.

"ఊఁ."

"నీ స్వాహిలీ ఇంత దరిద్రంగా ఉంటుందనుకోలేదు."

"నేర్పింది నువ్వేగా."

ఆమె నవ్వలేదు. కానీ కాస్త జరిగి అతనికి చోటిచ్చింది.

స్తంభానికున్న లౌడ్‌స్పీకరు గరగరలాడింది. కౌంటీ ఆఫీసరు గొంతు, నోట్లో ముద్దతో.

"ఏమైంది? అందరూ ఆపేశారేం? రొట్టె బాగానే ఉందే."

ఎక్కడో గిన్నె కింద పెట్టిన చప్పుడైంది.

"ఏంటి ఇబ్బంది? నాకెవరన్నా చెప్పండయ్యా. ఆ అపోండి అనే ఆవిడ చేస్తే ఏమైంది?"

వీధిలో మోటారు సైకిళ్ల కుర్రాళ్లు బళ్లు ఆపి తలెత్తి వింటున్నారు.

"శేఠ్ గారూ, మీ ఆకులో కూడా ఉన్నాయి కదా. మీరు మొదలుపెట్టండి. మీరు తింటే వాళ్లూ తింటారు."

గొంతు సవరించుకున్న చప్పుడొకటి వచ్చింది. అది శేఠ్‌దే. అపోండి లేచి నిలబడి లౌడ్‌స్పీకరు కిందికి వెళ్లింది. నౌతమ్ కూడా లేచాడు. ఆ తర్వాత ఎంతసేపు విన్నా శేఠ్ రొట్టె తుంపిన చప్పుడు గానీ, నమిలిన చప్పుడు గానీ అందులోంచి రాలేదు.